అది ఏ కణంలో ఉంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత నెల ఈ శీర్షికలో పెద్దపేగు క్యాన్సర్ ఎందుకు తిరగబెడుతుందన్న ప్రశ్నకు జవాబిస్తూ, క్యాన్సర్ మూలకణాలనూ, వాటిని అదుపు చేసే నాన్‌కోడింగ్ (ప్రోటీన్‌కు సూత్రం మోయని) ఆర్‌ఎన్‌ఏలనూ రెండు వాక్యాల్లో ప్రస్తావించి వదిలేశాను. ఆ రెండు వాక్యాలు ఏ మాత్రం చాలలేదని ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు చూశాక తెలిసింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే ఉంచుతున్నాను. రాసినవారిలో కొందరు పేర్లు వేయవద్దని కోరారు కనుక ఎవరి పేరూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. రెండేళ్ల కిందట పెద్దపేగులో కణితి తీసేసి, ఆరు నెలలు కీమో ఇచ్చారు. ఆ తర్వాత స్కాన్‌లో ఏమీ లేదన్నారు. మొన్న తీసిన స్కాన్‌లో కాలేయంలో ఒక మచ్చ కనిపించింది. అంతా తీసేశామన్నాక ఇది ఎక్కడి నుంచి వచ్చింది? క్యాన్సర్ మూలకణం అంటే అసలు ఏమిటి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, కణితిని పూర్తిగా తీసేశామని వైద్యులు చెప్పిన మాట కంటికీ సూక్ష్మదర్శినికీ కనిపించినంత మేరకు నిజమే. అయితే శస్త్రచికిత్స జరిగే నాటికే కొన్ని కణాలు రక్తంలోకి జారిపోయి ఉండవచ్చు. పెద్దపేగు నుంచి బయలుదేరే రక్తంలో ఎక్కువ భాగం గుండెకు వెళ్లే ముందు పోర్టల్ సిర గుండా కాలేయంలోకి చేరుతుంది కాబట్టి, ఈ క్యాన్సర్ పాకినప్పుడు చాలామందిలో మొదట బయటపడే చోటు కాలేయమే. అక్కడ చిక్కుకున్న కణాలు స్కాన్‌లో మచ్చగా కనిపించాలంటే కోట్ల సంఖ్యకు పెరగాలి. అప్పటిదాకా ఏ స్కానూ వాటిని పట్టుకోలేదు. ఇందులో మీ తప్పు ఏమీ లేదని మొదట గట్టిగా చెప్పదలచుకున్నాను.

అలా జారిపోయిన ప్రతి కణమూ కొత్త కణితిని పుట్టించలేదు. ఎక్కువ కణాలు దారిలోనే చచ్చిపోతాయి. బతికినవాటిలోనూ మళ్లీ మళ్లీ విభజన చెందుతూ, తనలాంటి కణాలనూ తనకు భిన్నమైన కణాలనూ రెండు రకాలుగానూ పుట్టించగల శక్తి కొన్నింటికే ఉంటుంది. ఆ శక్తి ఉన్న కణాన్ని క్యాన్సర్ మూలకణం అంటున్నారు.

ఇది బోధపడాలంటే ముందు ఆరోగ్యంగా ఉన్న పేగును చూడాలి. పెద్దపేగు లోపలి పొరను పలచగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెడితే, పక్కపక్కన తవ్విన దిగుడుబావుల్లా సన్నని గుంటలు వరుసగా కనిపిస్తాయి. వీటిని క్రిప్ట్‌లంటారు. గోడ పొడవునా గులాబీ రంగు కణాలు, వాటి మధ్య జిగురు నింపుకుని తెల్లని చుక్కల్లా ఉబ్బిన గాబ్లెట్ కణాలు ఉంటాయి. మూలకణాల నివాసం బావి అడుగున. అక్కడ పుట్టిన పిల్లకణం మెట్టు మెట్టూ ఎక్కుతూ, దారిలో ఒక పని నేర్చుకుని, నాలుగైదు రోజుల్లో ఒడ్డుకు చేరి రాలిపోతుంది. అడుగున ఉన్నంతసేపు ‘విభజన చెందు’ అని చెప్పే వింట్ అనే సంకేతం బలంగా అందుతుంది, పైకి వచ్చేకొద్దీ అది సన్నగిల్లుతుంది. పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు 80 శాతం కేసుల్లో, ఈ సంకేతానికి కళ్లెం వేసే ఏపీసీ అనే జన్యువు చెడిపోయి ఉంటుంది. అప్పుడు ఒడ్డుకు చేరిన కణం కూడా తాను ఇంకా బావి అడుగునే ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. కణితి స్లైడును ఈ స్లైడు పక్కన పెట్టి చూస్తే, బావులు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి, ఆ తెల్లని చుక్కలు అక్కడక్కడా మాత్రమే మిగిలి ఉంటాయి.

ఈ రంగంలో 2007 మరచిపోలేని సంవత్సరం. నెదర్లాండ్స్‌లోని హన్స్ క్లెవర్స్ ప్రయోగశాల ఎల్‌జీఆర్5 అనే గుర్తు (కణం మీద ఉండే ఒక ప్రోటీన్) ఆధారంగా పేగు మూలకణాలను పోల్చి చూపింది. అదే ఏడాది టొరంటోలో జాన్ డిక్ బృందమూ, రోములో మరో బృందమూ, మనుషుల పెద్దపేగు కణితుల నుంచి సీడీ133 అనే గుర్తు ఉన్న కణాలను విడదీసి ఎలుకల్లో ప్రవేశపెడితే కణితి మళ్లీ పెరుగుతుందనీ, ఆ గుర్తు లేని కణాలకు ఆ శక్తి లేదనీ వెల్లడించాయి.

మన రైతులకు తుంగ సంగతి బాగా తెలుసు. పైన ఎన్నిసార్లు కోసినా మట్టిలో గడ్డ మిగిలితే మళ్లీ మొలుస్తుంది. క్యాన్సర్ మూలకణాల గురించి మొదటి పదేళ్లు చాలామంది ఇలాగే ఆలోచించారు: గడ్డను తవ్వేస్తే చాలు. అయితే 2017లో రెండు బృందాలు, ఒకటి అమెరికాలోనూ ఒకటి జపాన్‌లోనూ, కణితిలోని ఎల్‌జీఆర్5 కణాలను మాత్రమే ఏరి చంపి చూశాయి. చంపుతున్నంతకాలం అవి లేవు. చంపడం ఆపగానే, మూలకణాలు కాని మామూలు క్యాన్సర్ కణాలే వెనక్కి తిరిగి మూలకణాలుగా మారాయి. అంటే ఇక్కడ ఆకు కూడా గడ్డగా మారగలదు. అమెరికా బృందం గమనించిన మరో సంగతి మీ నాన్నగారి పరిస్థితికి దగ్గరిది: ఎలుకల పేగులోని కణితి ఎల్‌జీఆర్5 కణాలు లేకుండా నిలదొక్కుకోగలిగింది గానీ, కాలేయంలో కొత్త కణితి నిలబడటానికి మాత్రం అవి కావలసి వచ్చాయి.

కాబట్టి మూలకణం అన్నది పుట్టుకతో వచ్చిన కులం వంటిది కాదు, ఒక స్థితి. ఆ స్థితిలోకి ఎవరు నెడుతున్నారు, ఎవరు బయటికి లాగుతున్నారు అన్నదే అసలు ప్రశ్న. నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల పాత్ర సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: ప్రోటీన్‌ను తయారుచేయని ఆర్‌ఎన్‌ఏకు కణంలో పనేమిటి? మేము చదువుకునే రోజుల్లో జన్యుపదార్థంలో ఆ భాగాన్ని చెత్త అనేవారు. అది క్యాన్సర్ మూలకణాన్ని ఎలా శాసిస్తుంది?
– జంతుశాస్త్ర అధ్యాపకుడు, కరీంనగర్

జవాబు: మీరు ఏళ్ల తరబడి పాఠం చెబుతున్న రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ, ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ రెండూ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలే కదా! పని చేయడానికి ప్రోటీన్‌గా మారనక్కర్లేదన్న సంగతి మీ తరగతి గదిలో ఎప్పటి నుంచో ఉంది. మన డీఎన్‌ఏలో ప్రోటీన్లకు సూత్రం రాసి ఉన్న భాగం రెండు శాతానికి లోపే, అందులో ఉన్న జన్యువులు సుమారు 20,000. మిగిలిన దానిలో చాలా భాగం నుంచి ఏదో ఒక కణంలో ఏదో ఒక సమయంలో ఆర్‌ఎన్‌ఏ నకలు తయారవుతూనే ఉంటుంది. తయారైన ప్రతి నకలుకూ పని ఉందనుకోవడం మాత్రం తొందరపాటు. కొన్నింటికి చాలా ముఖ్యమైన పని ఉంది, చాలావాటికి ఉన్నట్టు ఇంకా ఎవరూ రుజువు చేయలేదు.

పని రుజువైన వాటిలో మొదటి వరుస మైక్రో ఆర్‌ఎన్‌ఏలది. వీటి పొడవు సుమారు 22 న్యూక్లియోటైడ్లు, అంటే 22 ఆర్‌ఎన్‌ఏ అక్షరాలు. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ 1993లో ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగులో మొదటి మైక్రో ఆర్‌ఎన్‌ఏ అయిన లిన్-4 ఎలా పనిచేస్తుందో వివరించారు. వారికి 2024లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పురుగు కథలో మన విషయానికి పనికొచ్చే సూక్ష్మం ఒకటుంది. లిన్-4 చెడిపోయిన పురుగులో కణాలు పెద్దవి కావడం మరచిపోయి, మొదటి దశలో చేయవలసిన విభజనలనే పదే పదే చేస్తూ ఉండిపోతాయి. అంటే కణం బాల్యం విడిచి ముందుకు కదలాలా, అక్కడే ఉండిపోవాలా అన్న నిర్ణయంతో మైక్రో ఆర్‌ఎన్‌ఏలకు మొదటి రోజు నుంచీ సంబంధం ఉంది. క్యాన్సర్ మూలకణం ముందున్న ప్రశ్న కూడా అదే.

పనిచేసే తీరు ఇది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఆర్గోనాట్ అనే ప్రోటీన్‌లో కూర్చుని, తన మొదటి చివరన ఉన్న ఏడెనిమిది అక్షరాలతో జతకుదిరే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను, అంటే ప్రోటీన్ తయారీ సందేశాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏను, వెతుకుతుంది. దొరికిన సందేశం త్వరగా నశిస్తుంది, లేదా దాని నుంచి తక్కువ ప్రోటీన్ తయారవుతుంది. ఒకే మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందలాది సందేశాలను ఇలా తాకగలదు. సాధారణంగా ఒక్కోదాని మీద దాని ప్రభావం స్వల్పం, ఫ్యాన్ రెగ్యులేటర్‌ను ఒక అంకె తగ్గించినట్టు ఉంటుంది.

కొన్ని చోట్ల మాత్రం రెగ్యులేటరే స్విచ్‌గా మారుతుంది. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నమ్మదగినదిగా కనిపించే ఉదాహరణను వివరంగా చెబుతాను. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో షీలింగ్ షెన్ బృందం 2013లో తొలిదశ పెద్దపేగు క్యాన్సర్ మూలకణాలు విభజన చెందుతుండగా జంటగా ఉన్న పిల్లకణాలను పరిశీలించింది. కొన్ని జంటల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-34ఏ ఒక పిల్లకణంలో ఎక్కువగానూ, రెండో దానిలో తక్కువగానూ ఉంది. అది ఎక్కువగా ఉన్న కణంలో నాచ్ అనే సంకేతం అణిగిపోయి, ఆ కణం మూలకణ స్థితి వదిలి ముందుకు సాగింది. తక్కువగా ఉన్న కణంలో నాచ్ బలంగా నిలిచి, ఆ కణం తల్లిలాగే మూలకణంగా మిగిలింది. నాచ్ మధ్యస్థంగా ఊగిసలాడకుండా, ఒక హద్దు దాటగానే అటో ఇటో తేలిపోవడం ఇక్కడి విశేషం. ఆ హద్దును గీస్తున్నది 34ఏ.

మరి 34ఏ ఒక పిల్లకణంలోనే ఎందుకు తగ్గింది? అదే బృందం 2016లో దానికి కారణమైన మరో ఆర్‌ఎన్‌ఏను పట్టుకుంది. దాని పేరు ఎల్‌ఎన్‌సీ34ఏ, 200 న్యూక్లియోటైడ్ల కన్నా పొడవుండే రకం. విభజన సమయంలో ఇది ఇద్దరు పిల్లలకూ సమానంగా పంపకం కాదు. ఎవరి వాటాకు ఎక్కువ వెళ్లిందో ఆ కణంలో ఇది కొన్ని ఎంజైములను వెంటబెట్టుకుని 34ఏ జన్యువు ముంగిటికి చేరి, అక్కడి డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు వేయించి, ఆ జన్యువు నోరు మూయిస్తుంది. ప్రోటీన్ రాయని పొడవైన ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ రాయని పొట్టి ఆర్‌ఎన్‌ఏను అణచి, కణాన్ని మూలకణ స్థితిలో నిలబెడుతోందన్నమాట. మొత్తం కణితిని రుబ్బి అందులో ఏది ఎంత ఉందని కొలిస్తే ఈ కథ ఎప్పటికీ బయటపడేది కాదు, ఎందుకంటే పక్కపక్కనే ఉన్న రెండు కణాల మధ్య తేడాలోనే కథంతా ఉంది. ఈ మాట ఇంకో ఉత్తరానికి జవాబులో మళ్లీ అవసరమవుతుంది.

ఆరోగ్యంగా ఉన్న ఎలుకల పేగులో ఇలాంటి అసమాన విభజన అరుదు. వాపు వచ్చి మూలకణాలు అతిగా పెరిగినప్పుడు, వాటి సంఖ్యను అదుపులో పెట్టడానికి పేగు ఈ పద్ధతిని వాడుకుంటుంది. 34ఏ లేని ఎలుకల్లో ఆ అదుపు తప్పుతుంది. దీర్ఘకాలం పేగువాపుతో బాధపడేవారిలో క్యాన్సర్ ముప్పు ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాదు గాని, ఆలోచించదగ్గ ఒక దారి.

చికిత్సకు దగ్గరగా ఉన్న మరో ఉదాహరణ 2017 నాటిది. సెటుక్సిమాబ్ అనే మందుకు లొంగని పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో ఎంఐఆర్100హెచ్‌జీ అనే పొడవైన ఆర్‌ఎన్‌ఏ, దానిలో నుంచే పుట్టే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-100, 125బీ బాగా పెరిగి ఉన్నట్టు వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గమనించారు. ఆ రెండు పొట్టి ఆర్‌ఎన్‌ఏలూ కలిసి, వింట్‌కు కళ్లెం వేసే జన్యువులను ఐదింటిని అణిచేస్తున్నాయి. వింట్‌ను మందుతో అడ్డుకున్నప్పుడు ఆ కణాలు మళ్లీ సెటుక్సిమాబ్‌కు లొంగాయి. డీఎన్‌ఏలో ఏ కొత్త మ్యుటేషనూ లేకుండానే కణం మందును తట్టుకోగలదన్నది ఇందులో గుర్తుంచుకోవలసిన సంగతి.

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. డేటాబేసుల ఆధారంగా పెద్దపేగు క్యాన్సర్‌లో ఒక వలయాకార ఆర్‌ఎన్‌ఏ, ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏను స్పాంజిలా పీల్చుకుని మూలకణ గుణాలను పెంచుతుందని ప్రాజెక్టు రాశాను. పరీక్షకులు ఒప్పుకోలేదు. అచ్చయిన పత్రాలు ఇలాంటివే వందల్లో ఉన్నాయి కదా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఉన్నాయి. అయినా మీ పరీక్షకులు ఒప్పుకోకపోవడం సబబేనని నా అభిప్రాయం. నిరుత్సాహపడకండి, ఈ విషయంలో పెద్ద పెద్ద ప్రయోగశాలలే దారి తప్పి సరిదిద్దుకున్నాయి.

రెండు కొసలూ అతుక్కుని వలయంగా మారిన ఈ వలయాకార ఆర్‌ఎన్‌ఏలకూ పెద్దపేగు క్యాన్సర్‌కూ పాత బంధుత్వం ఉంది. బర్ట్ వోగెల్‌స్టైన్ ప్రయోగశాలలో 1991లో, పెద్దపేగు క్యాన్సర్‌లో తరచుగా పోయే డీసీసీ అనే జన్యువును చదువుతుండగా, దాని ఆర్‌ఎన్‌ఏ నకళ్లలో కొన్నింట్లో ముక్కలు వెనకవి ముందుకూ ముందువి వెనక్కూ అతుక్కుని కనిపించాయి. ఇలా వరస తారుమారైన అతుకు వలయాకార ఆర్‌ఎన్‌ఏలకు ముఖ్య లక్షణమని తరవాతి కాలంలో స్థిరపడింది. అవి మైక్రో ఆర్‌ఎన్‌ఏలను తమకు అతికించుకుని పని చేయకుండా ఆపుతాయనే స్పాంజి వాదానికి బలం చేకూరింది మాత్రం 2013లో. సిర్స్-7 అనే వలయాకార ఆర్‌ఎన్‌ఏ మీద మైక్రో ఆర్‌ఎన్‌ఏ-7 అతుక్కోగల చోట్లు 70కి పైగా ఉన్నాయని అప్పుడు తేలింది. అది మెదడులో సమృద్ధిగా ఉంటుంది కూడా.

ఇక్కడ కాస్త లెక్క వేయండి. మీ మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఒక కణంలో వేల ప్రతులు ఉందనుకుందాం. మీ వలయం పది ప్రతులు ఉండి, ఒక్కోదాని మీద అతుక్కునే చోటు ఒకటో రెండో ఉంటే, అది పీల్చుకోగలిగింది ఎంత? గోదావరిలో నుంచి ఒక చెంబు నీళ్లు ముంచుకున్నట్టు. డేటాబేసు అతుక్కునే చోటు ఉందని చెబుతుంది గాని, ఎన్ని ప్రతులు ఉన్నాయో చెప్పదు.

రెండో చిక్కు ఇంకా లోతైనది. పెద్దపేగు కణితుల్లో సిర్స్-7 ఎక్కువగా ఉంటే రోగుల పరిస్థితి విషమిస్తోందని కొన్ని పత్రాలు వచ్చాయి. క్యాన్సర్ కణంలో అది మైక్రో ఆర్‌ఎన్‌ఏ-7ను పీల్చేస్తోందని అందరూ అర్థం చేసుకున్నారు. 2020లో డెన్మార్క్ పరిశోధకులు కణితి ముక్కల మీద నేరుగా రంగు గుర్తులతో వెతికితే, పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో సిర్స్-7 అసలు కనిపించలేదు. అది ఉన్నది క్యాన్సర్ కణాలను చుట్టుకుని ఉన్న ఆధార కణజాలంలో. కణితిని రుబ్బితే రెండూ కలిసిపోతాయి. ఆధార కణజాలం ఎక్కువ ఉన్న కణితులు మొండివి కావచ్చు, సిర్స్-7 వాటి వెంట వచ్చిన గుర్తు మాత్రమే కావచ్చు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ-143, 145ల కథ కూడా ఇంతే. పెద్దపేగు కణితుల్లో ఇవి తగ్గిపోతాయని 2003లో తేలింది. ఈ క్యాన్సర్‌తో మైక్రో ఆర్‌ఎన్‌ఏల సంబంధాన్ని చూపిన తొలి పరిశోధనల్లో అది ఒకటి. ఆ తర్వాత పదేళ్లపాటు ఇవి పేగు పొర కణంలో క్యాన్సర్‌ను అడ్డుకుంటాయని ఎందరో రాశారు. జాషువా మెండెల్ బృందం 2014లో ఎలుకల్లో చూస్తే, ఇవి పేగు పొర కణాల్లో లేనే లేవు. పొర కింద ఉండే కండర, ఆధార కణాల్లోనే ఉన్నాయి. కణితిలో పొర కణాల వాటా పెరిగి ఆధార కణాల వాటా తగ్గింది కనుక కొలతలో 143, 145 తగ్గినట్టు కనిపించాయి. పొరకు దెబ్బ తగిలినప్పుడు అది మళ్లీ పెరగడానికి కింది కణాల్లోని ఈ రెండూ అవసరమని కూడా అదే పరిశోధన చూపింది. అంటే వాటికి పని లేకపోలేదు, ఉన్న చోటు వేరు.

అందుకని మీ ప్రాజెక్టును పారేయకుండా మూడు ప్రశ్నలతో మళ్లీ చదవండి. అది ఏ కణంలో ఉంది? ఒక కణానికి ఎన్ని ప్రతులు ఉన్నాయి? దాన్ని మాత్రమే తీసేస్తే మూలకణ గుణం నిజంగా తగ్గుతోందా? మూడో ప్రశ్నకు ఇప్పుడు ఆర్గనాయిడ్లు బాగా పనికొస్తాయి. ఒకే మూలకణాన్ని జెల్లీ చుక్కలో నాటితే నాలుగైదు రోజుల్లో అది బుడగలా ఉబ్బి, అంచుల్లో మొటిమల్లా కొత్త క్రిప్ట్‌లను తొడుగుతుంది. క్లెవర్స్ ప్రయోగశాల దీన్ని 2009లో ఎలుక చిన్నపేగు కణంతో చేసి చూపింది. మీరు అనుమానిస్తున్న ఆర్‌ఎన్‌ఏను తీసేశాక ఆ బుడగలు ఎన్ని మొలుస్తున్నాయో లెక్కపెట్టడం, డేటాబేసులో గీసిన వంద గీతల కన్నా విలువైన సాక్ష్యం.

ప్రశ్న: రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కొలిచి పెద్దపేగు క్యాన్సర్‌ను ముందుగానే చెబుతామని ఒక ల్యాబ్ ప్రకటన చూశాను. చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: దాని మీద ఆధారపడి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 పెద్దపేగు క్యాన్సర్‌లో పెరుగుతుందన్నది నిజమే, కాని అది ఇతర క్యాన్సర్లలోనూ, వాపుల్లోనూ, గుండెజబ్బుల్లోనూ పెరుగుతుంది. అందరూ చెప్పే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-92ఏకి ఇంకో బలహీనత ఉంది: అది ఎర్రరక్తకణాల్లో దండిగా ఉంటుంది. రక్తం తీసేటప్పుడు సూది దగ్గర కొన్ని ఎర్రకణాలు చిట్లితే, గొట్టంలో పైకి తేలే సీరం గడ్డిపసుపు రంగుకు బదులు లేత గులాబీ రంగులో కనిపిస్తుంది. అలాంటి నమూనాలో 92ఏ పెరిగి కనిపించినా అది పేగు నుంచి వచ్చిందని చెప్పలేము. ఇక్కడ కూడా అదే ప్రశ్న: ఏ కణంలో నుంచి? మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష, అవసరమైతే కొలనోస్కోపీ ఇప్పటికీ నమ్మదగిన మార్గాలు. మలంలో రక్తం కనిపిస్తే, మలవిసర్జన అలవాటు వారాల తరబడి మారిపోతే, కారణం తెలియకుండా రక్తహీనత వస్తే, మొలలేనని సర్దిచెప్పుకోకుండా వైద్యుడిని కలవండి.

ప్రశ్న: ఇంత తెలిశాక 34ఏను మందుగా ఇవ్వవచ్చు కదా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఇచ్చి చూశారు. ఎంఆర్‌ఎక్స్34 పేరుతో, కొవ్వు బిందువుల్లో పొదిగిన కృత్రిమ 34ఏను కాలేయ క్యాన్సర్, ఇతర గట్టి కణితులు ఉన్న రోగులకు 2013 నుంచి మొదటి దశ పరీక్షల్లో ఇచ్చారు. కొందరిలో కణితి తగ్గింది కూడా. కాని రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా తిరగబడి నలుగురు రోగులు చనిపోవడంతో 2016లో ఆ పరీక్షలను ఆపేశారు. ఆ నలుగురూ, వారి కుటుంబాలూ చెల్లించిన మూల్యాన్ని తలచుకోకుండా ఈ మందు గురించి మాట్లాడటం నాకు సాధ్యం కాదు.

చిక్కు ముఖ్యంగా చేరవేతలో ఉంది. ఆర్‌ఎన్‌ఏ రక్తంలో క్షణాల్లో ముక్కలైపోతుంది, పైగా శరీరం దాన్ని వైరస్‌గా అనుమానిస్తుంది. రసాయన మార్పులతో, కొవ్వు పొరతో కాపాడితే అది ఎక్కువగా చేరేది కాలేయానికి. 2018లో అమెరికాలో అనుమతి పొందిన, పొట్టి జంటపోగుల ఆర్‌ఎన్‌ఏతో జన్యువును అణచే మొదటి మందు పాటిసిరాన్ లక్ష్యం కాలేయ కణమే. పేగు కణితి లోతుల్లోని కొన్ని కణాలకు, అవి మాత్రమే అందుకునేలా పంపే వాహనం మన చేతిలో ఇంకా లేదు. పంపగలిగినా, 2017 నాటి ప్రయోగాలు చెప్పినట్టు పక్క కణాలు ఆ ఖాళీని నింపకుండా చూడాలి. అందువల్ల ఆర్‌ఎన్‌ఏ మందు ఒక్కటే సరిపోతుందని నేను అనుకోను, కీమోకు తోడుగా రావచ్చు.

ఆ కీమోలో మనవారి పాత్ర ఒకటి చెప్పాలనిపిస్తోంది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఫైవ్ ఎఫ్‌యూ మందుకు బలం చేకూర్చడానికి ల్యూకోవోరిన్ కలుపుతారు. అది ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టం. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన అమెరికా బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ప్రశ్న: క్యాన్సర్ మూలకణాలకూ, బొడ్డుతాడు రక్తం దాచి చేస్తామనే మూలకణ చికిత్సకూ సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: లేదు. పేరు ఒకటే. పెద్దపేగు క్యాన్సర్‌కు మూలకణాలు ఎక్కించి నయం చేస్తామని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ప్రశ్న: మా నాన్నగారికి వచ్చింది కాబట్టి నాకూ తమ్ముడికీ జన్యు పరీక్ష అవసరమా? నాకు 36, తమ్ముడికి 33.
– మొదటి ప్రశ్న పంపిన రాజమహేంద్రవరం పాఠకురాలే

జవాబు: ఎనిమిదో క్రోమోజోమ్‌లో 8క్యూ24 అనే చోట ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల పెద్దపేగు క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుందని 2007 నుంచి తెలుసు. అక్కడ ప్రోటీన్ జన్యువు లేదు. సీక్యాట్2 అనే నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ అక్కడి నుంచే తయారవుతుందని 2013లో కనుగొన్నారు. పరిశోధకులకు ఇది విలువైన ఆధారం. మీకు మాత్రం దాన్ని పరీక్షించుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే ఆ మార్పు జనంలో చాలామందిలో ఉంటుంది, అది పెంచే ముప్పు సుమారు ఐదో వంతే.

మీరు పట్టించుకోవలసినది లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య స్థితిని. పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు మూడు శాతం దాని వల్ల వస్తాయి. దాన్ని వెతకడానికి ముందు మీ రక్తం అవసరం లేదు. శస్త్రచికిత్సలో తీసిన కణితి ముక్కలను మైనపు దిమ్మల్లో ఆస్పత్రి పాథాలజీ విభాగం భద్రపరుస్తుంది. ఆ దిమ్మ మీద ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగు ప్రోటీన్ల పరీక్ష ఇదివరకే చేశారేమో మీ నాన్నగారి వైద్యులను అడగండి, చేయకపోతే ఇప్పుడు చేయించమనండి. ఆ నాలుగింటిలో ఏదైనా లోపించినట్టు తేలితే ముందు మీ నాన్నగారికీ, ఆయనలో వంశపారంపర్య మార్పు దొరికితే మీ ఇద్దరికీ జన్యు పరీక్ష గురించి ఆలోచించవచ్చు. పైగా అలాంటి కణితులకు రోగనిరోధక శక్తిని మేల్కొలిపే మందులు కీమో కన్నా మెరుగ్గా పనిచేస్తాయి కాబట్టి, మీ నాన్నగారి చికిత్సకూ ఆ నివేదిక పనికొస్తుంది. నాలుగూ ఉన్నాయని తేలితే, మీరిద్దరూ 40 ఏళ్లు రాగానే కొలనోస్కోపీ చేయించుకుంటే చాలు. కాలేయంలో మచ్చ ఒకటే అయితే దాన్ని శస్త్రచికిత్సతో తీయవచ్చునా అని కూడా కాలేయ శస్త్రవైద్యుడి అభిప్రాయం తీసుకోండి. ఈ వారంలోనే, స్కాన్ సీడీని వెంట తీసుకుని వెళ్లండి.